పిట్ట ముట్టిన మాట

నేను చూసుకునే పక్షులకు ఖతర్‌లో ఎండ అనేది ఒకటుందని తెలియదు. అల్ ఘర్రాఫాలో మా అర్బాబ్, అంటే యజమాని, విల్లా వెనక, బయటి నుంచి చూస్తే గోడౌన్ అనుకునే కిటికీలు లేని హాలులో అవి ఉంటాయి. బయట నలభై ఏడు డిగ్రీలు ఉన్నప్పుడు లోపల ఎనిమిది. నేను ఆగస్టులో కూడా మందపాటి చలికోటు వేసుకుని డ్యూటీ చేస్తాను. బయటికి రాగానే కళ్ళద్దాలకు ఆవిరి పట్టి గోడ తడుముకుంటూ నడుస్తాను. మెట్‌పల్లిలో ఉన్న మా ఆవిడ తహెరున్నీసాకు ఫోన్‌లో ఈ సంగతి చెబితే, దుబాయ్‌లో చలికోటు ఏమిటి, చెప్పే అబద్ధం కాస్త నమ్మేలా చెప్పమంది. మా వైపు గల్ఫ్ దేశమేదైనా దుబాయే.

నా పేరు నిసార్ అహ్మద్. మెట్‌పల్లి బయట కోళ్ళ ఫారంలో చాలా ఏళ్ళు పనిచేశాను. ఏజెంటు ఆ ఒక్క ముక్క పట్టుకుని నన్ను పక్షుల నిపుణుడని చెప్పి ఇక్కడికి పంపాడు. కోడి అయినా పక్షే కదా అన్నాడు. ఇక్కడి పక్షుల్ని చూసిన మొదటి రోజు నాకు నవ్వు ఆగలేదు. పావురం కంటే కాస్త దిట్టంగా ఉంటాయి. నల్లటి వీపు, తెల్లటి పొట్ట, ఎర్రటి కాళ్ళు, ఆ ముఖానికి నప్పని పెద్ద రంగుల ముక్కు. ఎవరో పెళ్ళికని కోటు తొడిగి, చివర్లో సర్కస్ జోకరు ముక్కు తగిలించి పంపినట్టు ఉంటాయి. వాటిని చూసే డాక్టరమ్మ పఫిన్లు అంటుంది. మేము కోటుగాళ్ళు అంటాం.

వాటి అసలు ఊరు ఎలా ఉంటుందో డాక్టరమ్మ ఒకసారి తన ఫోన్‌లో వీడియో చూపించింది. ఉత్తరాన, ఇంచుమించు ప్రపంచం చివర, సముద్రం మధ్య ఒక దీవి. చెట్టన్నది లేదు. ఎప్పుడూ మంచు పొగ, మనిషిని నిలబడనివ్వని గాలి. కింద నిలువు రాతి గోడలు, ఆ గోడల అరుగుల మీద వేరే జాతి పక్షులు బస్సులో జనంలా ఒకదానికొకటి ఒరుసుకుని నిలబడి ఉన్నాయి. కొండ పైన మాత్రం దట్టమైన గడ్డి. మా కోటుగాళ్ళు ఆ గడ్డి కింది మెత్తటి మట్టిని కాళ్ళతో తవ్వి బొరియలు చేసుకుంటాయి. చలికాలమంతా నడి సముద్రంలో ఎక్కడెక్కడో తేలుతూ తిరిగి, ఎండాకాలం రాగానే జంటలు తమ పాత బొరియకే వచ్చి చేరతాయి. ఏడాదికి ఒక్కటే గుడ్డు. ఆ రోజుల్లో అక్కడ సరిగ్గా చీకటి కూడా పడదట.

ఇక్కడ వాటికి సిమెంటుతో కొండ కట్టి రంగు వేశారు. గడ్డి ప్లాస్టిక్. బొరియల బదులు సిమెంటులో పైపులు దిగేశారు. సముద్రం బదులు ఉప్పు కలిపిన చల్లటి నీళ్ళ తొట్టి, గాలికి గోడల్లో పెద్ద పెద్ద ఫ్యాన్లు. మట్టి ఉంటే బూజు పడుతుంది, బూజు వీటి ఊపిరితిత్తుల్లోకి పోతే బతకవు, అందుకని గుప్పెడు మట్టి కూడా లోపలికి రానివ్వరు. అవి మాత్రం మట్టి ఉందనుకునే గీరుతుంటాయి. ఎండాకాలం లెక్కన దీపాలు పెంచగానే సిమెంటును గీరడం మొదలుపెడతాయి, గోళ్ళు అరిగి రక్తం వచ్చేదాకా గీరుతాయి. వచ్చిన దగ్గర్నుంచి ఒక్క గుడ్డు పెట్టలేదు. ఏటా కొన్ని చస్తాయి, అర్బాబ్ మళ్ళీ తెప్పిస్తాడు. దీన్ని డాక్టరమ్మ హాబిటాట్ అంటుంది. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ముఐథర్‌లో మేము ఒకరి మీద ఒకరం మంచాలేసుకుని పడుకునే క్యాంపుకు కూడా కంపెనీ కాగితాల్లో అకామడేషన్ అని గొప్ప పేరే ఉంది.

ఈ చలినంతా పుట్టించే చిల్లర్ మిషన్లు రెండు, హాలు కప్పు మీద ఉంటాయి. వాటిని చూసుకునే కుర్రాడు గజేందర్. మా మెట్‌పల్లికి దగ్గరి పల్లెవాడే. నన్నూ వాడినీ ఈ విల్లాకు పంపింది ఒకే కంపెనీ. వాడి అన్న లింబాద్రి కూడా అదే కంపెనీ మనిషే, కాకపోతే లుసైల్‌లో బిల్డింగు సైటు మీద పని. గజేందర్‌కు నోరు ఎక్కువ. డ్యూటీ దిగగానే హాలులోకి వచ్చి పక్షుల ముందు నిలబడి, మీరు ఏసీలో, మేము ఎండలో, పోయిన జన్మలో ఏం పుణ్యం చేసుకున్నార్రా అని వాటితో పోట్లాడేవాడు.

జూలైలో ఒక రోజు మధ్యాహ్నం చిల్లర్ ఆగిపోయింది. రెండోది అప్పటికే రిపేరులో ఉంది. చూస్తుండగానే హాలులో వేడి పెరిగింది. కోటుగాళ్ళు ముక్కులు తెరిచి రొప్పడం మొదలుపెట్టాయి. ఎండాకాలంలో మధ్యాహ్నం పూట బయట పని చేయించకూడదని ఇక్కడ చట్టం ఉంది. గజేందర్ ఆ మాటే అన్నాడు, ఎండ దిగాక ఎక్కుతానన్నాడు. కంపెనీ మేనేజర్ ఫోన్‌లో వినలేదు. పక్షులు చస్తే అర్బాబ్‌కు నేనేం చెప్పాలి, యల్లా, పైకి పో అని అరిచాడు. స్పీకర్ పెట్టి ఉండటం వల్ల ఆ అరుపు తొట్టిలో ఐసు గుమ్మరిస్తున్న నాకూ వినపడింది. గజేందర్ తువ్వాలు తడిపి నెత్తిన వేసుకుని నిచ్చెన ఎక్కాడు. కొంతసేపటికి పైన మిషన్ గుర్రుమంది. చల్లగాలి దిగింది. అమ్మయ్య అనుకుని నేను పక్షుల వెనకే తిరుగుతూ ఉండిపోయాను. చలి వచ్చింది గానీ గజేందర్ రాలేదు. ఎంతకీ దిగకపోతే పైకి వెళ్ళి చూశాను. మిషన్ పక్కన కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయి ఉన్నాడు. ఒళ్ళు ముట్టుకుంటే కాలింది.

కంపెనీ చెప్పిన కథ వేరు. గజేందర్‌కు ఊళ్ళో ఉన్నప్పటి నుంచే ఛాతీ నొప్పి ఉందని, ఆ రోగం దాచిపెట్టి పనికి వచ్చాడని, సహజ మరణమని. వారం లోపలే శవం ఊరికి పోయింది. లింబాద్రికి సెలవు దొరకలేదు. కంపెనీవాళ్ళు నన్ను ఏమీ అడగలేదు. మేనేజర్ ఫోన్‌లో అరిచి ఎక్కించిన సంగతి లింబాద్రికి మాత్రం చెప్పాను. రోగం సంగతి నేను నమ్మలేదు. నిచ్చెన మీద కోతిలా ఎక్కి దిగే కుర్రాడు వాడు.

అక్కడి నుంచి మొదలైంది లింబాద్రి గోస.

మా వైపు హిందువుల్లో మనిషి పోయిన మూడో రోజున పిట్టకు పెడతారు. పోయినవాడికి ఇష్టమైనవన్నీ వండి ఆకులో వడ్డించి, కాకి వచ్చి ముట్టేదాకా దూరంగా నిలబడి చూస్తారు. ముట్టకపోతే వాడి మనసులో ఏదో మిగిలిపోయిందని అర్థం. అప్పుడు ఇంటివాళ్ళు ఒక్కొక్కరూ ముందుకొచ్చి మాట ఇస్తారు. నీ పిల్లల్ని మేం చూసుకుంటాం, నీ ఇల్లు పూర్తి చేస్తాం, అని. ఏ మాటకు పిట్ట వచ్చి ముడితే ఆ మాట కోసమే వాడు ఆగాడన్నమాట. ఆ మాట ఇక తప్పకూడదు. మాలో ఇది లేదు. గజేందర్ కోసం నేను నా పద్ధతిలో దువా చేసుకున్నాను. కానీ చిన్నప్పటి నుంచి చూసినవాణ్ణి కాబట్టి నవ్వులాటగా తీసుకోను.

గజేందర్‌కు ఊళ్ళో దహనమయ్యాక మూడో రోజు పెడితే పిట్ట ముట్టలేదు. పెద్ద దినం నాడూ ముట్టలేదు. చివరికి ఊరి పెద్దలు ఆవుకు తినిపించి అయిందనిపించారు. వాళ్ళ తల్లి చిన్నవ్వ మాత్రం ఒప్పుకోలేదు. కొడుకు రోగం పెట్టుకుని కూడా తనకు చెప్పలేదని ఆమెకు కడుపులో కోత. తల్లికి చెప్పుకోలేనంత తప్పు నేనేం చేశాను, నా మీద కోపంతోనే వాడు ముట్టలేదు అని పగలూ రాత్రీ అదే మాట. అన్నం దగ్గర కూర్చుని లేచిపోతోందట. లింబాద్రికి రోజూ ఫోన్. ఒకసారి నా ముందే స్పీకర్ పెట్టాడు.

"ఆడ సచ్చినోడు ఈడి కాకులకేం ఎర్క బిడ్డా," అంది ఆ ముసలమ్మ. "వాడింక దుబాయ్‌లనే తిరుగుతున్నడు. నువ్వు ఆడనే పెట్టు."

లింబాద్రి క్యాంపులోనే పెట్టాడు. ఆకు దొరక్క గోడ మీద అల్యూమినియం పళ్ళెం, అందులో అన్నం, గుడ్డు, కల్లు దొరకదు కాబట్టి నిమ్మకాయ సోడా. ఆగస్టు ఎండకు ఒక్క పిట్ట బయటికి రాలేదు. ఈ దేశంలో కాకి కనబడటమే గగనం. రెండు గోరింకలు ఏసీ డబ్బా నీడలో కూర్చుని చూశాయి తప్ప దిగలేదు. చివరికి క్యాంపు పిల్లి వచ్చి గుడ్డు ఎత్తుకుపోయింది. ఆ రోజు లింబాద్రి గోడకు ఆనుకుని ఏడవడం చూసి క్యాంపంతా తల వంచుకుని ఎవరి గదిలోకి వాళ్ళు పోయారు. పిల్లి ముట్టడం కంటే ఎవరూ ముట్టకపోవడమే నయమట.

మర్నాడు నా దగ్గరికి వచ్చాడు. హాలులో పెడతానన్నాడు.

నేను కస్సుమన్నాను. అన్నం మెతుకు లోపలికి పోతే బూజు అని, పక్షి చస్తే నా ఉద్యోగం చస్తుందని, నా పీకల మీదికి తేవద్దని చెప్పాను. ఆ పక్షులకు అన్నమంటే ఏమిటో తెలియదు, కాకి కాదు, మన దేశంది కూడా కాదు అన్నాను. లింబాద్రి నా కోపం అయిపోయేదాకా ఆగాడు.

"కాకి గాదని నాకు గుడ ఎర్కే భాయ్. నల్లగున్నది, రెక్కలున్నయి. తమ్ముడు పాణం ఇడిశింది గీటి కోసమే గదా. వేరే పిట్టలకు వాడు ఎర్క లేకుంటె లేకపాయె. వీటికి గుడ ఎర్కుండడా?"

గజేందర్ వాటితో పోట్లాడటం గుర్తొచ్చింది. శుక్రవారం డాక్టరమ్మ రాదు, పొద్దున్నే రమ్మన్నాను. షరతులు పెట్టాను. మసాలా వద్దు, గుడ్డు వద్దు, సోడా అసలే వద్దు. పిడికెడు అన్నం స్టీలు పళ్ళెంలో, ఒక్క మెతుకు కింద పడకూడదు. దాని మీద నా బకెట్‌లోని చేపలు పెడదాం. గజేందర్‌కు చేపలంటే ప్రాణం కాబట్టి లింబాద్రి సరేనన్నాడు.

శుక్రవారం పొద్దున పక్షులకు కావాలనే మేత పెట్టలేదు. ఆకలి మీద ఉంటే ఒక్కటైనా వస్తుందని నా లెక్క. లింబాద్రికి చలికోటు తొడిగి, బూట్లు మార్పించి లోపలికి తెచ్చాను. సైటు మనిషి కదా, ఆ చలికి పళ్ళు టకటకలాడాయి. సిమెంటు కొండ కింద, నీళ్ళకు ఇవతల, పళ్ళెం పెట్టి నాలుగడుగులు వెనక్కి వచ్చి చేతులు జోడించి నిలబడ్డాడు. కోటుగాళ్ళు నీళ్ళకు అవతలి అరుగుల మీద వరసగా నిలబడి ఈ కొత్త మనిషిని చూశాయి. ఒక్కటి కదల్లేదు.

లింబాద్రి మాటలు ఇవ్వడం మొదలుపెట్టాడు. అవ్వను తాను చూసుకుంటానన్నాడు. తమ్ముడి భార్య మాలతిని ఎవరూ ఒక్క మాట అనకుండా చూస్తానన్నాడు. వాడి బిడ్డను తన బిడ్డతో సమానంగా చదివిస్తానన్నాడు. పొలం మధ్య గట్టు గొడవ తానే వదిలేస్తానన్నాడు. ప్రతి మాటకూ ఆగి, తల ఎత్తి, అవతలి అరుగు వైపు చూసేవాడు. పక్షులు ముక్కులతో ఈకలు సవరించుకుంటున్నాయి. ఒకటి వెనక్కి తిరిగి సిమెంటు గీరడం మొదలుపెట్టింది. మాట మాటకూ లింబాద్రి గొంతు సన్నబడుతోంది. ఇంక ఇవ్వడానికి వాడి దగ్గర మాటలు అయిపోతున్నాయని నాకు అర్థమైంది. ఇక్కడా ముట్టకపోతే ఆ ముసలమ్మకు ఫోన్‌లో ఏం చెబుతాడు?

మేత వేసే ముందు నేను చెంచాతో బకెట్ అంచు మీద కొడతాను. ఆ చప్పుడు వినపడితే ఎక్కడున్నా వస్తాయి, అలా అలవాటు చేశాం. నేను లింబాద్రి వెనక నిలబడి ఉన్నాను. బకెట్ నా కాళ్ళ దగ్గరే ఉంది. గాలి ఫ్యాన్ల హోరులో వాడికి వినపడదులే అనుకుని, వంగి, మెల్లగా చెంచాతో కొట్టాను. మోసమే. కానీ ఎవరికి నష్టం? అవ్వను చూసుకోవడం, బిడ్డను చదివించడం, ఇవన్నీ వాడు ఎలాగూ చేసేవే. ఇందులో ఏ మాటకు పిట్ట ముడితే ఏమిటి?

అవతలి అరుగు మీది నుంచి ఒకటి నీళ్ళలో దూకింది. ఇవి నీళ్ళ అడుగున రెక్కలతో ఎగిరినట్టే ఈదుతాయి. నల్లటి నీడ మా వైపు రావడం కనిపించింది. లింబాద్రి ఆ నీడనే చూశాడు. తర్వాత గొంతు పెంచి, ఎవరో వెనక నుంచి తోసినట్టు గబగబా అన్నాడు.

"నీకు ఛాతి నొప్పి ఉండెనని నేనే అబద్దం జెప్పిన తమ్ముడా. గట్ల రాసిస్తె శవాన్ని జల్ది పంపుతమన్నరు. రాసిచ్చిన. ఆఫీసుకు పోయి ఆ మాట వాపస్ దీసుకుంట. ఎండల ఎక్కిపిచ్చి సంపిన్రని జెప్త. అవ్వకు గుడ జెప్త."

నా చేతిలో చెంచా అలాగే ఉండిపోయింది. పక్షి నీళ్ళలోంచి రాయి మీదికి ఎక్కింది, ఒళ్ళు విదిలించింది, ముసలి గుమాస్తాలా అటూ ఇటూ ఊగుతూ పళ్ళెం దగ్గరికి నడిచింది. ఒక చేప ఎత్తుకుంది. దాని రంగుల ముక్కుకు నాలుగు మెతుకులు అంటుకున్నాయి. లింబాద్రి నేల మీద పడి నుదురు సిమెంటుకు ఆనించి హోరున ఏడ్చాడు.

బయటికి రాగానే, ఆ ఎండలోనే, చలికోటు కూడా విప్పకుండా తల్లికి ఫోన్ చేశాడు. అవ్వా, ముట్టింది అన్నాడు. ఏం మాట జెప్తె ముట్టింది బిడ్డా అని అడిగింది చిన్నవ్వ. అడగదా మరి? ఎవరైనా మొదట అడిగేది అదే. లింబాద్రి చెప్పాడు. రోగం లేదని, తమ్ముడు ఏదీ దాచలేదని, శవం తొందరగా వస్తుందని తానే అలా రాసిచ్చానని. అవతలి నుంచి ఏడుపు నాకూ వినపడింది. మొదట పెద్ద కొడుకును నోటికొచ్చినట్టు తిట్టింది, తర్వాత చిన్న కొడుకును పేరు పెట్టి పిలిచింది. ఆ పూట ఆమె కడుపు నిండా అన్నం తిన్నదని సాయంత్రం కబురు వచ్చింది.

నాకు మాత్రం ముద్ద దిగలేదు. ఆఫీసుకు పోయి కంపెనీ మీద మాట చెబితే ఏమవుతుందో ఇక్కడ ఏ కూలివాణ్ణి అడిగినా చెబుతాడు. అన్నదమ్ములిద్దరి సంపాదన మీద నడిచిన ఇల్లు అది. ఒకడు పోయాడు, రెండోవాణ్ణి ఇంటికి పంపేస్తే ఆ ముసలమ్మ, ఇద్దరు ఆడవాళ్ళు, పిల్లలు ఏం తింటారు? వీణ్ణి ఆ మాటకు కట్టేసింది పిట్ట కాదు, నా చెంచా. ఒక్క నిమిషం ముందు కొట్టి ఉంటే గట్టు గొడవ మాటతోనే పోయేది.

ఆదివారం లింబాద్రి ఆఫీసుకు పోయి చెప్పాడు. మేనేజర్ మొదట మంచిగానే మాట్లాడాడట. దుఃఖంలో ఉన్నావు, పో, పడుకో అన్నాడట. లింబాద్రి కదల్లేదు. రాసిచ్చింది అబద్ధం, అది తీసేసి నిజం రాయండి అన్నాడు. ఎండలో ఎక్కించారని ఎవడు చెప్పాడని మేనేజర్ గద్దించాడు. లింబాద్రి ఎవరి పేరూ చెప్పలేదు. సాయంత్రానికల్లా సైటు నుంచి వాడి పేరు తీసేశారు. మంగళవారం ఫ్లైట్ అని, సామాను సర్దుకోమని చెప్పారు.

సోమవారం డ్యూటీ దిగి నేరుగా వాడి గదికి పోయాను. మంచం మీద అట్టపెట్టె పెట్టుకుని తాడు కడుతున్నాడు. గదిలో మిగతావాళ్ళు ఇంకా సైటు నుంచి రాలేదు. నేను తలుపు దగ్గరే నిలబడి, మొహం చెల్లక, నేల చూస్తూ అంతా చెప్పేశాను. పిట్ట దానంతటది రాలేదు, నేను బకెట్ కొట్టాను, అది చేప కోసం వచ్చింది, నీ మాటకు రాలేదు. ఆ మాట నీ మీద లేదు. ఇప్పుడైనా పోయి, తమ్ముడు పోయిన బాధలో మతి లేక అన్నానని చెప్పు, కాళ్ళు పట్టుకో, ఉంచుకుంటారేమో అన్నాను.

లింబాద్రి తాడు ముడి బిగించి కొసను పళ్ళతో లాగాడు. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు.

"బకెట్ సప్పుడు నేను విన్న భాయ్," అన్నాడు. "సైటు మీద గన్ని మిషన్ల నడుమ మేస్త్రీ కేకేస్తె వినే చెవులు నాయి. గా ఫ్యాన్ల సప్పుడెంత?"

నాకు అర్థం కాలేదు. విని కూడా ఆ మాట ఎందుకన్నావని అడిగాను.

"విన్నంకనే అన్న. పిట్ట నీళ్ళల్ల దిగింది, ఇగ వస్తదని ఎర్కైంది. అది ఒడ్డెక్కేలోపు అనాలె అనుకున్న." పెట్టె మీద చెయ్యి వేశాడు. "గా మాట జెప్పాలెనని ఎన్నిసార్లు ఆఫీసు గేటు దాక పోయి తిరిగొచ్చిననో నాకే ఎర్క. నా మీద నాకు నమ్మకం లేకుండె భాయ్. పిట్ట ముడితె ఇగ తప్పిచ్చుకోలేను గదా."

నేను వాడి మంచం అంచున కూలబడ్డాను. వాణ్ణి కాపాడటానికి వచ్చినవాణ్ణి నేను. నాకంటే ముందే వాడు అన్నీ చూసుకుని, దారులన్నీ మూసుకుని కూర్చున్నాడు. ఇంతకాలం వాణ్ణి పాపం, అమాయకుడు అనుకున్నందుకు సిగ్గేసింది. ఇంకో సంగతి కూడా నన్ను పట్టుకుంది. ఆ రోజు మధ్యాహ్నం హాలులో ఉన్నది నేనొక్కణ్ణే అని వాడికి తెలుసు. అయినా నన్ను సాక్ష్యం చెప్పమని అడగలేదు. అడిగితే బాగుండేది. నాకూ ఇల్లుంది, కాలేజీలో చదివే కూతురు నజియా ఉంది అని చెప్పి తప్పించుకునేవాణ్ణి. వాడు నాకు టీ పోసి ఇచ్చి, హాలులో ఆ పక్షి బాగానే ఉందా, అన్నం పడలేదా అని మాత్రం అడిగాడు. బాగానే ఉందని చెప్పాను.

మంగళవారం పొద్దున కంపెనీ వ్యాన్ వాణ్ణి ఎయిర్‌పోర్టుకు తీసుకుపోయింది. అదే పొద్దున మేనేజర్ నన్ను ఆఫీసుకు పిలిపించాడు. కుర్చీ చూపించి చాయ్ తాగుతావా అని అడిగాడు. ఈ కంపెనీలో నన్ను అలా అడగడం అదే మొదటిసారి. లింబాద్రికి మతి పోయిందని, పైవాళ్ళు అడిగితే చూపించడానికి ఒక్క మాట రాసుకుంటే చాలని హిందీలో మెత్తగా చెప్పాడు. గజేందర్ తనకు ఛాతీ నొప్పి ఉందని నాతో ఎప్పుడో ఒకసారి అని ఉంటాడు కదా, కాస్త గుర్తు చేసుకోమన్నాడు. నా వీసా రెన్యువల్ కూడా ఈ నెలలోనే ఉందని, దాని సంగతి తాను చూసుకుంటానని అన్నాడు.

చాయ్ వచ్చింది. నేను ముట్టలేదు. నజియా ఫీజు, తహెరున్నీసా మోకాళ్ళు, నా వయసు, అన్నీ ఒక్కసారే కళ్ళ ముందుకు వచ్చాయి. లింబాద్రికి కనీసం ఒక పిట్ట దొరికింది. నాకు ఆ గదిలో ఎవరూ దొరకలేదు. అయినా ఎలాగో అన్నాను.

"లేదు సార్. వాడు నాకు ఎప్పుడూ అట్ల చెప్పలే. ఆ దినం ఎండల ఎక్కనంటే, ఫోన్‌ల మీరే ఎక్కమన్నరు. స్పీకర్ పెట్టి ఉండె. నేను విన్న."

మేనేజర్ లేచి వెళ్ళి ఆఫీసు తలుపు మూశాడు.